వియ్యపురాళ్ళ ఎలక్షన్

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది. రిజిస్టరు కానిదేదీ ఈ లోకంలో లేనట్టే లెక్క అని. కొంతమంది ఆడవాళ్ళు కలిసి తరాల తరబడి ఒక పని చేసుకొస్తున్నారనుకోండి, వాళ్ళకో పేరు, ఆ పేరుతో ఓ రబ్బరు స్టాంపు, ఆ స్టాంపు వెయ్యడానికో ప్రెసిడెంటు లేకపోతే వాళ్ళు ఉత్త గుంపు. ఆ మూడూ ఉంటే సంఘం. ఈ జ్ఞానమంతా పుస్తకాల్లో చదివి, ట్రైనింగులో విని, పరీక్షల్లో రాసి ఫస్టు క్లాసులో పాసైనదాన్ని కాబట్టి, తెనాలిలో ఒక ఆఫీసువాళ్ళు (పేరెందుకులెండి, ఇప్పుడా ఆఫీసే లేదు) నన్ను పిలిచి ఉద్యోగమిచ్చి, "పల్లెల్లో ఆడవాళ్ళు పాతకాలం నుంచీ కలిసి చేసుకునే పనులుంటాయమ్మా, వాటిని సంఘాలుగా మార్చాలి, అదే నీ పని" అన్నప్పుడు నేను కొంచెం కూడా జంకలేదు. జంకకపోగా, "ఎన్ని మార్చాలి సార్?" అని అడిగాను. మా పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ముందు ఒకటి మార్చమ్మా. అది నిలబడితే నువ్వూ నిలబడతావు" అన్నారు. ఆ మాటని ఆశీర్వాదం అనుకుని మురిసిపోయాను. అది హెచ్చరిక అని తెలియడానికి రేపల్లె దాకా వెళ్ళాల్సొచ్చింది.

నాకిచ్చిన ఊరు రేపల్లెలో రైలు దిగి, నగరం అనే ఊరి వైపు వెళ్ళే ఆటో ఎక్కి, ఆటోవాడు "ఇంక ముందుకి పోదమ్మా" అన్నచోట దిగి, కాలవగట్టు వెంట నడిస్తే వచ్చేది. ఆ ఊళ్ళో ఒక అరిసెల జట్టు ఉండేది. ఎవరింట్లో పెళ్ళయినా, ఆడపిల్లకి సారె పెట్టాలన్నా, ఈ జట్టు ఆడవాళ్ళు పిలవకుండానే వచ్చి ఆ ఇంటి పెరట్లో చేరిపోయేవారు. దంచేవాళ్ళు బియ్యం దంచుతారు, జల్లించేవాళ్ళు పిండి జల్లిస్తారు. పాకం దగ్గర మాత్రం ఒక్కావిడే, ఆవిణ్ణి అందరూ పాకం పిన్ని అనేవారు. బెల్లం పాకం చుక్క తీసి నీళ్ళలో వేసి చూసి ఆవిడ "ఊ" అంటే పిండి పొయ్యాలి, అనకపోతే ఎవరైనా సరే ఆగాలి. కాగే నూనె దగ్గర కూర్చునే ఆవిడ బాణలి పిన్ని. తీసిన అరిసెల్ని రెండు చెక్కల మధ్య పెట్టి నూనె పిండేది చెక్కల మామ్మ. (ఆవిడకి పళ్ళు లేవు కాబట్టి అరిసె మెత్తగా వచ్చిందో లేదో తేల్చే అధికారం కూడా ఆవిడదే.) ఈ పాకం పిన్ని కూతుర్నే బాణలి పిన్ని కొడుక్కి చేసుకున్నారు. అంటే ఇద్దరూ వియ్యపురాళ్ళు, ఒకరినొకరు "వదినగారూ" అని నోరారా పిలుచుకునేవారు. ఆ పిల్ల కూడా జట్టులోనే పిండి జల్లించేది. పెళ్ళయి చాలా రోజులైనా అందరూ కొత్తకోడలనే అనేవారు. అప్పటికి ఏడో నెల.

వీళ్ళకి సంఘం కావాలన్న ఆలోచన పుట్టించింది టీచరక్క. ఆవిడ లూథరన్ చర్చి వెనక వీధిలో ఉండేది, బళ్ళో పంతులమ్మ, సెలవు రోజుల్లో జట్టుతో కలిసి అరిసెలు తట్టేది. "వానొస్తే పొయ్యిలారిపోతన్నాయే, సంఘం పెట్టుకుంటే షెడ్డు ఇస్తారంట, తెనాలి కొట్లకి కూడా మన అరిసెలు పంపొచ్చంట" అని అందరికీ నచ్చజెప్పింది. అందరూ సరేనన్నారు. అంతా సరేనన్నాక ఇంక నేను చెయ్యాల్సిందేముంది, ఒక పేరూ ఒక ప్రెసిడెంటూ అనుకున్నాను.

కానీ వెళ్ళిన మొదటి రోజే ఒక ఘోరం చూశాను. ఎవరింట్లోనో సారె అరిసెలు వండుతున్నారు. బెల్లం దగ్గర మాటొచ్చింది. నల్లబెల్లమే రుచి అని పాకం పిన్ని, తెల్లబెల్లమైతే చూడ్డానికి బాగుంటాయని మిగతావాళ్ళు. ఇప్పుడు చర్చ జరుగుతుంది, ఇరుపక్షాల వాదనా వినాలని పెన్ను తీశాను. చర్చ ఏమీ జరగలేదు. పాకం పిన్ని కొంగు దులుపుకుని లేచి ఇంటికెళ్ళి, వసారాలో గోడవైపు తిరిగి కూర్చుంది. "అయ్యో, గొడవైపోయింది!" అన్నాను. "గొడవేంటి పాప మేడం? అలిగింది, అంతే" అంది చెక్కల మామ్మ తాపీగా. (వయసుకి పాపా అనాలి, ఉద్యోగానికి మేడం అనాలి, అందుకని రెండూ కలిపి నాకు ఆ పేరు ఖాయం చేశారు.) ఒకావిడ గ్లాసులో కాఫీ పట్టుకుని వెళ్ళింది. బెల్లం ఊసెత్తకుండా, తమ కోడిపెట్ట పొదిగిన సంగతి చెప్పి వచ్చింది. ఆ కాఫీ అక్కడే చల్లారిపోయింది. ఇంకొకావిడ ఇంకో గ్లాసు పట్టుకెళ్ళింది. అలగనివాళ్ళు అలిగినవాళ్ళకి కాఫీ పట్టుకెళ్తూనే ఉండాలి, తాగితే అలక తీరినట్టు, అదీ పద్ధతి. ఆ గ్లాసు తాగింది. తిరిగొచ్చి రెండు బెల్లాలూ చెరిసగం కలిపి పాకం పట్టింది. ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు, ఎవరూ ఒక్క మాట అనుకోలేదు. నేను మాత్రం నిర్ఘాంతపోయాను. ఓటింగు అనే గొప్ప సదుపాయం ఉండగా, ఇంతింత పెద్దవాళ్ళు గోడల్ని చూస్తూ కూర్చుని నిర్ణయాలు తీసుకోవడమా! వీళ్ళకి ప్రజాస్వామ్యం నేర్పకుండా ఈ ఊరు వదిలేది లేదని ఆ సాయంత్రం తెనాలి రైల్లో ప్రతిజ్ఞ చేసుకున్నాను.

మీటింగు వేసవి సెలవుల్లో ఒక మంగళవారం, టీచరక్క ఇంటి పెరట్లో పెట్టాను. ఆ వచ్చే శుక్రవారమే కొత్తకోడలికి చలిమిడి పెట్టే రోజు. (తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. కడుపుతో ఉన్న పిల్లకి పుట్టింటివాళ్ళు చలిమిడి చేసి పట్టుకెళ్ళి, పసుపూ కుంకాలతో ఒళ్ళో పెడతారు, కడుపు చల్లగా ఉండాలని. పాకంలో బియ్యప్పిండి కలిపితే చలిమిడి, దాన్నే తట్టి నూనెలో వేస్తే అరిసె.) ఎలాగూ జట్టంతా ఒకచోట చేరుతుంది కదా అని, బాపట్ల నుంచి, షెడ్లు మంజూరు చేసే పెద్ద మేడంని ఆ రోజే రమ్మని పిలిచేశాను. ఆవిడ వచ్చి సంఘాన్ని చూసి, ప్రెసిడెంటుతో మాట్లాడి, షెడ్డు సంగతి తేలుస్తారు. ఇక ఆ ప్రెసిడెంటు ఒక్కరే తక్కువ.

"ప్రెసిడెంటుగా ఎవరుంటారు?" అని అడిగాను. "అందరం ఉంటాం" అన్నారు. ఒక్కరే ఉండాలన్నాను. "మిగతావాళ్ళం ఏం పాపం చేశాం?" అంది చెక్కల మామ్మ. చివరికి పాకం పిన్ని, "వదినగారు ఉండగా ఇంకెవరండి" అంది. వెంటనే బాణలి పిన్ని, "అబ్బే, ఎంతమాట! వదినగారే ఉండాలి" అంది. ఇది ఉత్త మర్యాద. ఏ గుమ్మం దగ్గరైనా ఇద్దరు పెద్దవాళ్ళు "మీరు ముందు", "కాదు మీరు" అనుకుంటారే, అదే ఇది. కాసేపు వదిలేస్తే దానంతటదే తేలిపోయేది. ట్రైనింగు పొందినదాన్ని కదా, నాకది మర్యాదగా తోచలేదు, రెండు నామినేషన్లుగా తోచింది. "ఇద్దరు అభ్యర్థులు! అయితే ఎన్నిక జరపాలి!" అని ఉత్సాహంగా లేచి నిలబడ్డాను. పాకం పిన్ని కావాలనేవాళ్ళని చేతులెత్తమన్నాను. అందరూ ఎత్తారు, అందరికంటే ఎత్తుగా బాణలి పిన్ని. బాణలి పిన్ని కావాలనేవాళ్ళని ఎత్తమన్నాను. మొదటి చెయ్యి దించకుండానే అందరూ రెండో చెయ్యి కూడా ఎత్తారు. జట్టంతా రెండు చేతులూ గాల్లో పెట్టుకుని నావైపు నవ్వుతూ చూస్తోంటే, దొంగల ముఠాని పట్టుకున్న పోలీసులాగా మధ్యలో నేను. "అలా కుదరదండీ, ఒక మనిషికి ఒక్కటే ఓటు!" అని మొత్తుకున్నాను. "ఒక చెయ్యి దించితే ఆవిడేమనుకుంటది మేడం?" అంది టీచరక్క. ఎలక్షన్ డ్యూటీలు చేసిన మనిషి, ఆవిడే అలా అంది!

ఇంక లాభం లేదని ముగ్గు డబ్బా అడిగి పుచ్చుకుని పెరటి మధ్యలో నిలువుగా గీత గీశాను. పాకం పిన్ని గీతకి అటు, బాణలి పిన్ని ఇటు. ఎవరికి ఎవరు కావాలో ఆ పక్కకి వెళ్ళి నిలబడాలి, గీత మీద నిలబడితే చెల్లదు. (చెక్కల మామ్మ అప్పటికే గీత మీద నిలబడి ఉంది, చెయ్యి పట్టుకుని దింపాను.) "నువ్వటు పో, నేనిటు పోతా, ఇద్దరికీ సమానంగా ఉంటది" అని నవ్వుకుంటూ, తోసుకుంటూ పంచుకున్నారు. నిజంగానే సమానంగా వచ్చారు. మిగిలింది కొత్తకోడలు ఒక్కతే. అప్పుడు ఆగిపోయాయి నవ్వులు. అటు కన్నతల్లి, ఇటు అత్తగారు, మధ్యలో నడుం మీద చెయ్యేసుకుని ఈ పిల్ల. "మీ అత్తయ్య వైపు వెళ్ళమ్మా" అంది పాకం పిన్ని నెమ్మదిగా. "నాకేం పట్టింపు లేదమ్మా, నీ ఇష్టం" అంది బాణలి పిన్ని. ఆ మాటలో ఎంత పట్టింపు ఉందో కాపురం చేసే ఏ ఆడదానికైనా తెలుస్తుంది. నాకప్పటికి పెళ్ళి కాలేదు. "త్వరగా తేల్చమ్మా, అందరూ ఎండలో ఉన్నారు" అన్నాను. ఆ పిల్ల అటు చూసింది, ఇటు చూసింది, కళ్ళు తిరిగినట్టున్నాయి, గబగబా నడిచి వెళ్ళి అరుగు మీద కూలబడింది. ఆ పెరట్లో నీడున్నది ఆ అరుగు మీదే. అరుగు ఉన్నది పాకం పిన్ని పక్కన. "పాకం పిన్నిగారు గెలిచారు!" అని గట్టిగా అరిచి చప్పట్లు కొట్టాను. నా చప్పట్లు తప్ప ఇంకే చప్పుడూ వినపడలేదు.

బాణలి పిన్ని అలుగుతుందనుకున్నాను. అలగలేదు. "సంతోషం వదినగారూ" అని నవ్వింది. అలిగింది గెలిచినావిడ! పాకం పిన్ని నావైపు తిరిగి, "ఎంత పని చేశావమ్మా! పిల్లనిచ్చినదాన్ని, వియ్యపురాల్ని నలుగురిలో ఓడగొట్టి కుర్చీ ఎక్కుతానా? రేపు నా కూతురు ఆ ఇంట్లో తలెత్తుకు తిరగాలా వద్దా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఇంటికెళ్ళి గోడవైపు తిరిగి కూర్చుంది. ఆవిడ వైపు నిలబడినవాళ్ళు ఇదంతా మా మూలానే అయ్యిందని అలిగారు. ఇటు నిలబడినవాళ్ళు మా మాటకి విలువ లేకుండా పోయిందని అలిగారు. చెక్కల మామ్మ తనని గీత మీంచి దింపినందుకు అలిగింది. ఆఖరికి బాణలి పిన్ని కూడా, అందరూ అలిగాక తనొక్కతే అలక్కపోతే బాగుండదని అలిగింది. సాయంత్రానికి ఆ వీధి చివర నిలబడి చూస్తే ప్రతి వసారాలోనూ ఒక ఆడమనిషి వీపు కనిపిస్తోంది. జన్మలో అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు నాకు.

ఎందుకంటే అసలు ప్రమాదం అప్పుడే బుర్రకెక్కింది. అలగనివాళ్ళు అలిగినవాళ్ళకి కాఫీ పట్టుకెళ్ళాలి, ఇప్పుడు అలగనివాళ్ళే లేరు. మరి శుక్రవారం పాకం ఎవరు పడతారు? చలిమిడి లేకుండా ఆ పిల్ల పురిటికి వెళ్ళాలా? నా ఉద్యోగం పోతే పోయింది, ఆ పిల్ల ఒళ్ళోకి రావాల్సినది నావల్ల పోతే ఏ మొహం పెట్టుకుని బతకను? "రేపల్లెలో స్వీట్ల కొట్లో కొనుక్కొచ్చి పెట్టొచ్చు కదా" అని టీచరక్క ఇంటి గుమ్మంలో నిలబడి గొణిగాను. ఆవిడ గోడ మీంచి చూపు తిప్పి నన్ను చూసిన చూపుకి, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

కొత్తకోడలు ఎవరి లెక్కలోనూ లేదు, నా లెక్కలోనూ. ఇక ఊళ్ళో అలగని ఆడమనిషిని నేనొక్కదాన్నే కాబట్టి బుధవారం, గురువారం నేనే కాఫీలు మోశాను. టీచరక్క అలిగి ముందు గదిలో ఉండగా, ఆవిడ వంటింట్లో, ఆవిడ పాలతో, ఆవిడ పొడితోనే కలిపాను. అసలు విషయం ఎత్తకూడదని తెలుసు, కోడిపెట్టల గురించి మాట్లాడాలని కూడా తెలుసు. తెనాలి టౌన్లో పెరిగిన నాకు కోడిపెట్టల గురించి ఏం తెలుసు? "మీ కోడి బాగుందా అండి" అనడిగేదాన్ని, "బాగుంది" అనేవారు, అక్కడితో అయిపోయేది. ఆ పైన మాటల్లేక, "బైలా ప్రకారం ప్రెసిడెంటు రాజీనామా చెయ్యొచ్చండి, మళ్ళీ ఎన్నిక పెట్టుకోవచ్చు" అనేదాన్ని. ఎన్నిక అన్న మాట వినగానే వాళ్ళ వీపులు ఇంకా బిగుసుకునేవి. చెక్కల మామ్మ ఒక్కతే గ్లాసు ఖాళీ చేసింది. నేను ఆనందంతో గంతేసేలోపల, "ఇది కాఫీ కాదు కాబట్టి తాగినట్టు లెక్క కాదు" అని మళ్ళీ గోడవైపు తిరిగింది.

శుక్రవారం పొద్దున, పెద్ద మేడం రాగానే నిజం చెప్పేసి అట్నుంచి అటే ఇంటికి పోదామని వచ్చాను. వీధి మొదట్లోకి రాగానే బాణలి పిన్ని పెరట్లోంచి రోకటి చప్పుడు. వెళ్ళి చూద్దును కదా, కొత్తకోడలు కొంగు బొడ్లో దోపుకుని రోట్లో తడిబియ్యం దంచుతోంది. అంత కడుపుతో! తన చలిమిడికి తనే బియ్యం! చేతిలో సంచీ జారి ఎక్కడ పడిందో కూడా చూసుకోలేదు. నేను కేక పెట్టేలోపే వసారాలన్నీ ఖాళీ అయ్యాయి. గోడలవైపు తిరిగినవాళ్ళంతా జుట్లు ముడేసుకుంటూ పరిగెత్తుకొచ్చారు. "నీకు మతి పోయిందా ఏంటే! కడుపుతో ఉండి రోకలి పడతావా!" అని పాకం పిన్ని గుండెలు బాదుకుంది. "ఎవరి చలిమిడి వాళ్ళు చేసుకోవడం ఎక్కడన్నా ఉందటే!" అంది చెక్కల మామ్మ.

"దగ్గరికొస్తే ఇంకా గట్టిగా దంచుతా" అంది ఆ పిల్ల. ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. "అమ్మని అడిగారు, అత్తయ్యని అడిగారు. వద్దు వద్దంటన్నా ఇద్దరికీ చేతులెత్తారు. నన్ను మాత్రం ఎటు నిలబడతావనే గానీ, నీకేం కావాలని ఒక్కరన్నా అడిగారా?" అంది. "నీకేం కావాలమ్మా?" అంది వాళ్ళమ్మ, బిత్తరపోయి. ఆ పిల్ల రోకలికి ఆనుకుని ఊపిరి తీసుకుంది. "నాకు ప్రెసిడెంట్ అవ్వాలనుంది."

ఆ జట్టులో ఎవరికి ఏది కావాల్సొచ్చినా వద్దు వద్దంటూనే తీసుకున్నారు తప్ప, నాకు కావాలి అని నోరు తెరిచి అన్న మనిషి అప్పటిదాకా లేదు. బూతు విన్నట్టు చూశారు అందరూ. నేనూ అలాగే చూశాను, దాచుకోవడమెందుకు. "షెడ్డు కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలి, తెనాలి వెళ్ళి కొట్లవాళ్ళతో బేరమాడాలి. అమ్మకి బేరమంటే సిగ్గు. అత్తయ్యకి బస్సంటే వాంతులు. పురుడు అయ్యాక నేను తిరుగుతా. అవునో కాదో చెప్పండి" అంది. "సిగ్గు లేకుండా ఎట్టా అడుగుతందో చూడండి వదినగారూ" అంది పాకం పిన్ని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. మంగళవారం తర్వాత ఆవిడ నోట ఆ పిలుపు రావడం అదే మొదలు.

అందరూ బాణలి పిన్ని వైపు చూశారు. ఆవిడ ఏమంటే అదే ఇక. ఆవిడ కోడలి దగ్గరికి నడిచి, చెమట కారుతున్న ఆ మొహంలోకి చూసింది. కోపమో, నవ్వో, నాకైతే తెలియలేదు. చెయ్యి చాపింది.

"ముందా రోకలి ఇటివ్వండి ప్రెసిడెంటుగారూ, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం" అంది.

పెద్ద మేడం వచ్చేసరికి చలిమిడి కలిపేశారు. "ప్రెసిడెంటు ఎవరు?" అని ఆవిడ అడిగితే పిండి చేతులన్నీ ఒకేవైపు చూపించాయి. పీట మీద, తల నిండా పూలతో, ఒళ్ళో వెచ్చటి చలిమిడి పెట్టుకుని కూర్చున్న ప్రెసిడెంటుని చూసి ఈసారి నిర్ఘాంతపోవడం ఆవిడ వంతైంది. ఆ పిల్ల లేవకుండానే నమస్కారం పెట్టి, "షెడ్డుకి పొగగొట్టం కూడా కావాలండి" అంది. షెడ్డు రావడానికి చాలాకాలం పట్టిందనుకోండి, కానీ వచ్చింది, పొగగొట్టంతో సహా. ఇప్పుడా అరిసెలు తెనాలి, బాపట్ల కొట్లలో డబ్బాల్లో అమ్ముతున్నారు. ప్రెసిడెంటుగారి కూతురు హైస్కూల్లో చదువుతోంది. వాళ్ళు ఓటింగు కూడా నేర్చుకున్నారట, కాకపోతే ఒక చెయ్యే ఎత్తడం మాత్రం ఇప్పటికీ అలవాటు కాలేదట.

ఆ సాయంత్రం రేపల్లెలో పాసింజరు ఎక్కిన అమ్మాయి నాకు ఇప్పటికీ అప్పుడప్పుడూ కనిపిస్తూ ఉంటుంది. కిటికీ పక్క సీటు, ఒళ్ళో అరిటాకు పొట్లం, చెంప మీద తుడుచుకోని పిండి మరక. ఎదురు సీటులో పెద్దావిడ "ఏం చేస్తుంటావమ్మా?" అనడిగితే, "సంఘాలు పెడుతుంటానండి, ఇవాళే ఒకటి పెట్టాను" అని ఎంత గర్వంగా చెప్పిందో! ఆవిడ "అబ్బో" అనేసరికి ఇంకొంచెం నిటారుగా కూర్చుంది. వెళ్ళి ఆ అమ్మాయి పక్కన కూర్చుని, నువ్వు కాదమ్మా పెట్టింది అని చెప్పాలనిపిస్తుంది. మనసొప్పదు. తెనాలి దాకానే కదా, పోనీలే, అలాగే వెళ్ళనీ.